నీటిమర, తిరగలి, పిండిమర: విశాఖ వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ పరిసరాల్లో పాతకాలపు నీటిమర ఎక్కడైనా చూడవచ్చా?

చూడలేరు. అరకు, పాడేరు వైపు ఎన్ని జలపాతాలు ఉన్నా, నీటి ఊపుతో రాయి తిప్పి పిండి ఆడించే సంప్రదాయం ఈ ప్రాంతానిది కాదు. ఇక్కడి పిండి రోట్లో నుంచో తిరగలిలో నుంచో వచ్చేది, మోటారు మరలు వచ్చాక వాటిలో నుంచి వస్తోంది.

కళ్ళారా చూడాలన్న కోరిక ఉంటే రెండు దారులున్నాయి. ఒకటి మహారాష్ట్రలోని ఔరంగాబాదు, ఇప్పటి ఛత్రపతి శంభాజీనగర్. అక్కడ బాబా షా ముసాఫిర్ దర్గా ఆవరణలో మొఘలుల కాలం నాటి ‘పన్‌చక్కీ’ ఉంది. కొన్ని కిలోమీటర్ల దూరంలోని కొండ ఊట నుంచి మట్టి గొట్టాల్లో నీరు తెచ్చి, ఎత్తు నుంచి వదిలి, ఆ ధాటికి రాయి తిరిగేలా కట్టారు. దర్గాకు వచ్చే యాత్రికుల రొట్టెలకు పిండి అక్కడే ఆడేవారు. రెండోది హిమాలయాలు. ఉత్తరాఖండ్, హిమాచల్ ప్రదేశ్ పల్లెల్లో ‘ఘరాట్’ అనే చిన్న నీటిమరలు కొన్ని ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఔరంగాబాదుది చూడటానికి అందంగా ఉంటుంది. పని అర్థం కావాలంటే మాత్రం ఘరాట్ దగ్గరికే వెళ్ళాలి.

ఇన్ని గెడ్డలు (కొండవాగులు), ఇన్ని జలపాతాలు ఉండి కూడా ఇక్కడ నీటిమర ఎందుకు పుట్టలేదు?

మొదటి కారణం కంచంలోనే ఉంది. మైదాన ప్రాంతపు ప్రధాన పంట వరి. వడ్లకు కావలసింది పై ఊక ఊడటమే, గింజ పిండి కావడం కాదు. అందుకు రోలు, రోకలి సరిపోయాయి. గోధుమ అలా కాదు, పిండి చేయనిదే రొట్టె కాదు. రోజూ రొట్టె తినే ఊరికి రోజూ బోలెడు పిండి కావాలి. అప్పుడే వాగు ఒడ్డున ఒక మర, మర దగ్గర ఒక మనిషి, అతనికి పిండిలో వాటా అనే ఏర్పాటు నిలబడుతుంది. మన్యంలో చోళ్ళు (రాగులు), సామలు, కొర్రలు పండించే ఇళ్ళలో తిరగలి ఉండేది. అయితే అంబలికి, సంగటికి కావలసిన పిండి ఏ రోజుకారోజు ఇంట్లోనే విసురుకోగలిగినంత.

రెండో కారణం వాన. హిమాలయ వాగుల్లో చాలావాటికి మంచు కరిగిన నీరు, ఊట నీరు ఎండాకాలంలో కూడా అందుతాయి. తూర్పు కనుమల గెడ్డలు వానాకాలంలో ఒడ్డు దాటి ఉరుకుతాయి, వేసవి ముదిరేసరికి రాళ్ళ మధ్య పలచబడతాయి. ఏడాదిలో సగం రోజులు ఊరికే ఉండే మర కట్టడానికి ఎవరు ముందుకొస్తారు?

మూడోది నా అభిప్రాయం. విసిరే పని ఆడవాళ్ళది, దానికి కూలి లేదు. కూలి ఇవ్వనక్కరలేని పనికి యంత్రం తేవాలన్న తొందర ఇంటి పెద్దలకు పుట్టదు.

నీటిమర ఎలా పనిచేస్తుంది?

ఘరాట్‌నే తీసుకుందాం. వాగుకు పైనున్న చోట చిన్న అడ్డుకట్ట వేసి, కొంత నీటిని పిల్లకాలువలోకి మళ్ళిస్తారు. కాలువ చివర బోలుగా తొలిచిన కొయ్య దూలం వాలుగా దిగుతుంది. దాని మొదలు వెడల్పు, చివర ఇరుకు. ఆ ఇరుకులో నుంచి నీరు చిమ్ముకొచ్చి కింద అడ్డంగా పడుకుని ఉన్న చక్రం రెక్కలను కొడుతుంది. చక్రానికి నిలువుగా ఒక ఇరుసు, ఆ ఇరుసు పైకి వెళ్ళి గది నేలలోని కింది రాయి మధ్య నుంచి దూరి పై రాతికి పట్టు ఇస్తుంది. కింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది. మధ్యలో పళ్ళ చక్రాలు లేవు, పట్టీలు లేవు. చక్రం ఒక చుట్టు తిరిగితే రాయీ ఒక చుట్టే తిరుగుతుంది.

గింజలు పడే తీరు చూడాల్సింది. రాతి పైన గరాటు ఆకారంలో బుట్ట వేలాడుతుంది. దాని మూతికి ఒక చిన్న పుల్ల కట్టి, రెండో కొస తిరిగే రాతి మీద ఆనేలా వదిలేస్తారు. రాయి గరుకుకు పుల్ల టకటకమని ఎగిరిపడుతుంది, ఆ కుదుపుకు గింజలు కొన్ని కొన్నిగా రాతి నోట్లో రాలతాయి. రాయి జోరుగా తిరిగితే గింజలు ఎక్కువగా, మందగిస్తే తక్కువగా పడతాయి. పక్కన నిలబడి పోసే మనిషి అక్కర్లేదు. నీటిమర మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ పుల్లే.

ఐరోపాలో పేరుపడ్డ పెద్ద మరల్లో చక్రం నిలువుగా ఉంటుంది. అక్కడ పళ్ళ చక్రాలతో దిశ మార్చి, వేగం పెంచి రాతిని తిప్పుతారు. అలాంటి రాళ్ళు నాలుగడుగుల వెడల్పుతో టన్ను దాకా బరువు తూగుతాయి. నిమిషానికి 120 చుట్ల వరకు తిరుగుతాయి.

నీటిమరకు ఎంత చరిత్ర ఉంది?

రెండు వేల ఏళ్ళకు పైనే. రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలోనే నిలువు చక్రపు మరను వర్ణించాడు. దక్షిణ ఫ్రాన్సులోని బార్బెగాల్ దగ్గర క్రీస్తుశకం 2వ శతాబ్దంలో రోమన్లు కొండవాలున 16 చక్రాలను మెట్లు మెట్లుగా అమర్చిన పిండి కర్మాగారం శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. 1086లో ఇంగ్లండు రాజు చేయించిన భూముల లెక్కలో ఐదు వేలకు పైగా మరలు నమోదయ్యాయి. 1759లో జాన్ స్మీటన్ అనే ఇంజనీరు నమూనా చక్రాలతో ప్రయోగాలు చేసి, కింద నుంచి నీరు తన్నే చక్రం కంటే పై నుంచి నీరు పడే చక్రం దాదాపు రెట్టింపు పని చేస్తుందని తేల్చాడు. ఆవిరి యంత్రం వచ్చాక కథ మారింది.

ఆంటిపాటర్ అనే గ్రీకు కవి, నీటిమర కొత్తగా వచ్చిన రోజుల్లో, తిరగలి తిప్పే ఆడవాళ్ళను ఉద్దేశించి ఒక చిన్న పద్యం రాశాడు. కోడి కూసినా లేవకండి, ఇక మీ చేతుల పని జలదేవతలు చేస్తారు అని దాని భావం. తెల్లవారుజామున లేచి విసిరిన మన అమ్మమ్మలకు ఆ మాట చెప్పినవాళ్ళు లేరు.

చాపరాయి దగ్గరో కటికి జలపాతం దగ్గరో ఇప్పుడు నీటిమర పెడితే తిరుగుతుందా?

తిరుగుతుంది, అయితే జలపాతం కింద పెట్టి కాదు. ఈ ప్రశ్న అడిగేవారందరి ఊహలోనూ పై నుంచి దూకే నీటి కింద చక్రం ఉంటుంది. మొదటి పెద్ద వానకే అది ముక్కలవుతుంది. మర ఎప్పుడూ అసలు ప్రవాహానికి పక్కన, మళ్ళించిన నీటి మీద ఉండాలి. వరద వస్తే తూము మూసేసే వీలుండాలి.

లెక్క సులువే. సెకనుకు 100 లీటర్ల నీరు 3 మీటర్ల ఎత్తు దిగితే అందులోని శక్తి సుమారు 2,900 వాట్లు. పాతకాలపు కొయ్య చక్రం అందులో మూడో వంతు పట్టుకున్నా 900 వాట్ల పైమాటే. ఆరోగ్యంగా ఉన్న మనిషి గంటల తరబడి చేయగల పని 75 వాట్ల దగ్గర ఆగుతుంది. అంటే పన్నెండు మంది చేతుల పనిని ఆ చిన్న చక్రం చేస్తుంది. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, నీరు కొద్దీ పిండి.

డుంబ్రిగుడ దగ్గరి చాపరాయిలో నీరు వెడల్పాటి బండ మీద పలచగా జారుతుంది. స్నానాలకు బాగుంటుంది గానీ, మరకు ఆ నీటిని ఒక కాలువలోకి కూడగట్టాలి. కటికిలో ఎత్తు కావలసినదానికంటే ఎక్కువ. ఊరి మరకు పెద్ద జలపాతం అక్కర్లేదు. రెండు మనుషుల లోతు దిగే చిన్న గెడ్డ, మార్చి తర్వాత కూడా ఆగని నీరు ఉంటే చాలు. ఉత్తరాఖండ్‌లో పాత ఘరాట్లకు కొయ్య రెక్కల బదులు ఇనుప రెక్కలు వేసి, పగలు పిండి, రాత్రి కరెంటు తీస్తున్న ఊళ్ళున్నాయి. మన్యంలో ఎవరైనా మొదలుపెడితే చేయాల్సింది అలాంటిదే. పర్యాటకుల ఫొటోల కోసం కట్టే చక్రాల మీద నాకు ఆసక్తి లేదు.

అయితే ఈ ప్రాంతపు నీటికీ పిండికీ సంబంధమే లేదా?

ఉంది, కరెంటు తీగ గుండా ఉంది. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో డుడుమ జలపాతం దగ్గర కట్టిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో ప్రారంభమైంది, సామర్థ్యం 120 మెగావాట్లు. ఆ కరెంటు కొండ దిగి కోస్తాకు వచ్చింది. తర్వాత అదే నదికి దిగువన ఎగువ సీలేరు 240 మెగావాట్లతో, దిగువ సీలేరు 460 మెగావాట్లతో తోడయ్యాయి. మైదానపు ఊళ్ళలో మోటారు మరలు తిప్పిన కరెంటులో ఈ నీటి వాటా ఉంది. నీటిమర ఇక్కడ లేదన్న మాట నిజమే గానీ, చక్రం ఒక చోట, రాయి వంద కిలోమీటర్ల అవతల ఉన్న నీటిమర మనకు ఉందనుకోవచ్చు.

మాచ్‌ఖండ్ కోసం కట్టిన జలాపుట్ జలాశయం కింద గిరిజన పల్లెలు మునిగాయి. ఆ కరెంటు పట్నాలకు చేరిన చాలా ఏళ్ళకు గానీ కొండ మీది ఎన్నో గూడేలకు దీపం రాలేదు. అక్కడ తిరగలి అంతకాలం నిలిచి ఉండటానికి సంప్రదాయం మీది మమకారం ఒక్కటే కారణం కాదు.

తిరగలిలో మెత్తటి పిండి రావాలంటే ఎలా విసరాలి?

గింజలు పోసే చేయి నెమ్మదిగా, తిప్పే చేయి నిలకడగా ఉండాలి. కింద శుభ్రమైన గుడ్డ పరిచి తిరగలి పెట్టండి. కింది రాతి మధ్యలోని శీల కదలకుండా బిగువుగా ఉందో లేదో చూడండి. అది వదులైతే పై రాయి ఒక పక్కకు ఒరిగి, ఒకవైపు పిండి, ఇంకోవైపు నూక వస్తాయి. నాలుగైదు చుట్లకు ఒకసారి కొద్దిపాటి గింజలు వేయాలి. తొందరపడి గుప్పెడు పోస్తే రాళ్ళ మధ్య గింజల మందం పెరిగి పై రాయి పైకి లేస్తుంది, అప్పుడు రవ్వే రాలుతుంది. కందులు, పెసలు పప్పు చేసుకోవడానికి మాత్రం కావాలనే ఎక్కువ పోసి, గింజ నలగకుండా రెండుగా విడిపోయేలా తిప్పుతారు.

పెద్ద తిరగలైతే ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడిని పట్టుకోవాలి. ఒకరు లాగుతుంటే ఇంకొకరు తోస్తారు. విసురురాతి పాటలు ఈ పనిలోనే పుట్టాయి. లయ తప్పితే పిడి తప్పుతుంది, పాట ఉంటే లయ తప్పదు. ఆ పాటల్లో అత్తింటి మాటలు, పుట్టింటి తలపులు అంతగా ఉండటంలో వింత లేదు. ఇంటి మగవాళ్ళు లేవకముందు, ఇద్దరు ఆడవాళ్ళు అడ్డు లేకుండా మాట్లాడుకోగలిగిన సమయం అదే మరి.

కక్కు కొట్టించడం అంటే ఏమిటి? ఎప్పుడు అవసరం?

వాడగా వాడగా రాతి ముఖం నునుపెక్కుతుంది. అప్పుడు గింజ నలగకుండా జారిపోతుంది, పిండి వేడెక్కుతుంది, చేయి నొప్పి పుడుతుంది. ఉలి, సుత్తితో మళ్ళీ సన్నటి గుంటలు, గంట్లు వేయించడమే కక్కు కొట్టించడం. తిరగళ్ళకు, రోళ్ళకు కక్కు కొడతామంటూ వీధుల్లో కేకలు వేసుకుంటూ వచ్చేవారు ఒకప్పుడు. ఇప్పుడు రాతి పని చేసేవారిని వెతుక్కుంటూ మనమే వెళ్ళాలి. కక్కు కొట్టిన వెంటనే తిండిగింజలు వేయకండి. ముందు తవుడో పనికిరాని నూకో విసిరి పారేయాలి. రాతి పొడి పూర్తిగా పోయేదాకా ఇలా మళ్ళీ మళ్ళీ చేయాలి. పంటి కింద ఇసుక తగలకపోతేనే వాడకం.

పిండిమరల్లోని రాళ్ళకూ ఈ అవసరం ఉంది. వాటిలో చాలావరకు ఎమరీ అనే గట్టి ఖనిజం పొడిని బిగించి చేసిన కృత్రిమ రాళ్ళు.

ఏ రాయి మంచిది?

గట్టి నల్లరాయి. విశాఖ చుట్టూ కనిపించే కొండలు, కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్‌తో సహా, ఎక్కువగా ఖోండలైట్ శిల. కొండల్లో ఉండే ఖోందుల పేరే ఈ శిలకు పెట్టారు. అయితే అది ఎండకూ వానకూ త్వరగా చివికే రాయి, గీస్తే రేణువులు రాలే రాయి. అలా రాలేది పిండిలో పడితే తినలేం. కొనేటప్పుడు నీటితో తడిపి, గరుకు గుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకు ఎర్రటి మట్టి రంగో రేణువులో అంటుకుంటే వద్దనండి.

చోళ్ళను పిండి ఆడించే ముందు ఏం చేయాలి?

చోడి గింజ చిన్నది, దాని పై పొర లోపలి పిండిని గట్టిగా పట్టుకుని ఉంటుంది. అందుకే చోళ్ళను పాలిష్ పట్టడం కష్టం, గింజ మొత్తంగానే పిండి చేస్తాం. చోళ్ళలోని సున్నం అంతా మన కడుపులోకి చేరడానికి ఇది మేలైంది. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల చోళ్ళలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్లబియ్యంలో అది పది మిల్లీగ్రాములకు లోపే.

సంతలో కొన్న చోళ్ళలో గింజను అంటిపెట్టుకుని కాగితంలాంటి పలుచని పొట్టు ఉంటుంది. రోట్లో వేసి పైపైన దంచి, చేటతో చెరిగితే అది ఎగిరిపోతుంది. తర్వాత నీటిలో గాలించాలి, అడుగున ఇసుక, మట్టిగడ్డలు మిగులుతాయి. ఆపైన నీడలో బాగా ఆరాలి. సముద్రపు గాలికి విశాఖలో ఇది ఆలస్యమవుతుంది, పైకి ఎండినట్టు కనిపించినా లోపల చెమ్మ ఉంటుంది. ఒక గింజను కొరికి చూడండి. ఫట్‌మంటే మరకు తీసుకెళ్ళండి, నలిగితే ఇంకో రోజు ఆరనివ్వండి.

సామలు, కొర్రలు వేరు దారి. వాటికి ముందు పొట్టు తీయాలి, ఆ తర్వాతే అన్నమైనా పిండైనా.

రాతి పిండి ఆరోగ్యానికి మంచిదంటారు, నిజమేనా?

సగం నిజం. గోధుమ గింజలో సుమారు 83 శాతం లోపలి తెల్లటి పిండి భాగం, 14 శాతం తవుడు, మిగిలింది మొలక. రోలర్ మిల్లులో ఇనుప రోలర్ల జతలు గింజను విప్పి, తవుడును, మొలకను వేరు చేస్తాయి. అలా వచ్చేదే మైదా. రాతి మరలో ఈ విభజన జరగదు, అన్నీ కలిసే వస్తాయి. మేలంతా ఆ కలిసి రావడంలో ఉంది, రాతిలో లేదు. చోళ్ళ వంటివి ఏ మరలో ఆడించినా ఏదీ తీసివేయడం ఉండదు కనుక, తిరగలి పిండికీ మోటారు మర పిండికీ పోషకాల్లో పెద్ద తేడా చూపించలేరు. దుకాణాల్లో ‘తిరగలి పిండి’ అని రాసి రెట్టింపు ధర అడిగితే, ఎప్పుడు ఆడించారని అడగండి. పిండికి వయసే ముఖ్యం.

రుచిలో తేడా మాత్రం ఉంది. రాళ్ళ ఒత్తిడికి గోధుమలోని పిండిపదార్థపు రేణువులు బాగా నలుగుతాయి, నలిగినవి నీటిని ఎక్కువగా పీలుస్తాయి. రాతి మర పిండితో చేసిన చపాతీ మెత్తగా ఉండటానికి కారణం ఇదే.

మాడుగుల హల్వాకూ రాతికీ ఏమిటి సంబంధం?

అనకాపల్లి జిల్లా మాడుగులలో వందేళ్ళకు పైగా చేస్తున్న ఈ హల్వాకు పొడి పిండి వాడరు. గోధుమలను మూడు రోజుల పాటు నానబెట్టి, రుబ్బి, పిండి పాలు తీస్తారు. ఆ పాలను ఒక రోజు పులియనిచ్చి, పంచదార, నెయ్యి వేసి కట్టెల పొయ్యి మీద గంటల తరబడి తిప్పుతారు. రుబ్బిన గోధుమను పిండినప్పుడు తవుడు, జిగురు పిప్పిలో ఉండిపోతాయి, పాలలోకి దిగేది పిండిపదార్థం. హల్వా అలా మెరుస్తూ సాగడం దానివల్లే. రుబ్బురోలు ఈ పనికే పుట్టింది. తిరగలిలో తడిసిన గింజ వేస్తే రాళ్ళు అంటుకుపోయి తిరగనే తిరగవు.

పిండి ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది?

గింజలోని కొవ్వును బట్టి. గంటెల్లో (సజ్జల్లో) కొవ్వు ఐదు శాతం దాకా ఉంటుంది, వాటి పిండి వారం పది రోజుల్లో చేదెక్కడం మొదలవుతుంది. చోళ్ళలో రెండు శాతం లోపే, కాబట్టి చోడి పిండి నెల దాటినా బాగుంటుంది. వేడిగా ఉన్న పిండిని డబ్బాలో పోసి మూత పెట్టవద్దు.

పిల్లలకు ఇవన్నీ ఎక్కడ చూపించవచ్చు?

అరకులోయ గిరిజన మ్యూజియంలో కొండ ప్రాంతపు ఇళ్ళ తీరు, వాడుక వస్తువులు చూడవచ్చు. విశాఖ నుంచి రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు, కొత్తవలస–కిరండూల్ మార్గంలో రైలు కూడా ఉంది. అంతకంటే మంచి మార్గం, మీ ఊళ్ళో పెరటి మూలన పడి ఉన్న తిరగలిని కడిగి పిల్లల చేత గుప్పెడు పెసలు విసిరించడం. చాలా ఇళ్ళలో పై రాయి తులసికోట పక్కన, కింది రాయి బావి దగ్గర బట్టలు ఉతకడానికి పనిచేస్తుంటాయి. రెండూ ఒకే జతవో కాదో చూసుకోండి. జత మారితే ఎంత తిప్పినా పిండి రాదు.

మరకు వెళ్ళేటప్పుడు దేని మీద కన్నేసి ఉంచాలి?

మీకంటే ముందు ఏం ఆడించారన్న దాని మీద. మర లోపల ముందువారి పిండి కొంత ఉండిపోతుంది, మీది కొంత లోపల ఆగుతుంది. గోధుమ పడనివారు ఇంట్లో ఉంటే ఇది చిన్న విషయం కాదు. మీ గింజల్లో రెండు గుప్పెళ్ళు ముందు ఆడించి, ఆ పిండి పక్కన పెట్టమనండి. కారం ఆడే యంత్రం వేరుగా ఉన్న మరనే ఎంచుకోండి. చేయి పెట్టి చూస్తే పిండి కాలుతున్నట్టుంటే రాళ్ళకు గంట్లు అరిగాయని అర్థం. ఆ మాట మర్యాదగా అడిగితే మరాయన చెబుతాడు.

సంక్రాంతి ముందు అరిసెలకు తడి బియ్యం తీసుకెళ్ళేవారికి మరొక మాట. తడిపిండికి వేరే యంత్రం పెట్టిన మరలకే వెళ్ళాలి, భోగికి రెండు రోజుల ముందు అక్కడ వరుస వీధి దాకా ఉంటుంది. బియ్యం నీళ్ళు ఓడ్చి, గుడ్డ మీద కాసేపు ఆరబెట్టి, పట్టుకుంటే చెమ్మ తగిలేలా, చేతికి నీరు అంటనట్టుగా ఉన్నప్పుడు తీసుకెళ్ళండి. ఆడించిన పిండిని గంపలో నొక్కి పెట్టి, తడిగుడ్డ కప్పి నేరుగా ఇంటికి తెచ్చుకోండి. గాలికి ఆరిన పిండి పాకంలో ఉండలు కడుతుంది.